విశ్వేశ్వరయ్య ప్లాన్ ఇచ్చిన డ్రైనేజీ: నడిపే పని కాంట్రాక్టర్‌కు ఇస్తే బాధ్యత ఎవరిది?

భారీ వర్షం పడిన మర్నాడు మీ అపార్ట్‌మెంట్ ముందు మ్యాన్‌హోల్ పొంగిందనుకోండి. మీరు జలమండలి కస్టమర్ కేర్ నంబర్ 155313కి ఫోన్ చేస్తారు. కాసేపటికి ఓ చిన్న జెట్టింగ్ మిషన్ వస్తుంది. బండి మీద జలమండలి పేరు ఉంటుంది. కానీ ఆ బండి, దాని డ్రైవర్, పైపు పట్టుకుని నిలబడ్డ మనిషి... వీరెవరూ జలమండలికి నేరుగా చెందినవారు కాకపోవచ్చు. పని కాంట్రాక్టర్‌ది, పేరు జలమండలిది.

మరి పని సరిగా జరగకపోతే ఎవరిని అడగాలి? ఆ కార్మికుడికి ఏదైనా జరిగితే జవాబు ఎవరు చెప్పాలి? పెరిగే ప్రతి నగరంలోనూ ఈ ప్రశ్న వస్తుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి మీకు బాగా తెలిసిన ఒకరి జీవితం పనికొస్తుంది. ఖైరతాబాద్ కూడలిలో విగ్రహంగా మీరు రోజూ చూసే మోక్షగుండం విశ్వేశ్వరయ్య. హైదరాబాద్ వరదలకు, మురుగుకు ప్లాన్ ఇచ్చిన ఈ ఇంజినీర్ కూడా నగరం బయటి నుంచి పిలిపించుకున్న నిపుణుడే.

ఇంటిపేరులో ఉన్న ఊరు

మోక్షగుండం ఎక్కడో మైసూరులో ఉన్న ఊరు కాదు. ప్రకాశం ప్రాంతంలో, గిద్దలూరు వైపు ఉంది. విశ్వేశ్వరయ్య పూర్వీకులు అక్కడి నుంచి మైసూరు రాజ్యానికి వలస వెళ్లారు. ఆయన 1861 సెప్టెంబర్ 15న చిక్కబళ్లాపురం దగ్గర ముద్దెనహళ్లిలో పుట్టారు. ఇంట్లో మాట్లాడుకునే భాష తెలుగే.

చిన్న వయసులోనే తండ్రి చనిపోయారు. బెంగళూరులో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బీఏ పూర్తి చేశారు. మైసూరు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో పుణె వెళ్లి 1883లో ఇంజినీరింగ్ పరీక్షలో మొదటి ర్యాంకు సాధించారు. మరుసటి ఏడాది బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజినీర్‌గా చేరారు.

సక్కర్‌లో బావి: నడపగలిగేదే కట్టాలి

ఈ కథలో మీరు గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి ఊరు సక్కర్. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. అప్పట్లో బొంబాయి ప్రెసిడెన్సీలో భాగం. 1890ల మధ్యలో ఆ ఊరి నీటి సరఫరా పథకాన్ని విశ్వేశ్వరయ్యకు అప్పగించారు.

పక్కనే సింధు నది ఉంది. నీటికి కొరత లేదు. కానీ ఆ నీరు బురదగా ఉంటుంది. వడకట్టడానికి ఫిల్టర్ బెడ్లు కట్టాలి, వాటిని ఎప్పటికప్పుడు శుభ్రం చేయిస్తూ ఉండాలి. ఆ ఖర్చు భరించే స్తోమత మున్సిపాలిటీకి లేదు.

ఆయన నదీగర్భంలోనే, ఒడ్డుకు దగ్గరగా బావి తవ్వించారు. నది నీరు ఇసుక పొరల గుండా ఊరి బావిలోకి వచ్చేసరికి తేటపడేది. అక్కడి నుంచి పంపులతో పైకి ఎక్కించారు. వడపోత పనిని నది ఇసుకే చేసింది.

ఇది తెలివైన ఉపాయమే. దాంతోపాటు ఒక లెక్క కూడా ఉంది. ఏదైనా కట్టేటప్పుడు కట్టడానికి ఎంతవుతుందో ఒక్కటే చూస్తే సరిపోదు. ఇరవై ఏళ్లు నడపడానికి ఎంతవుతుంది, నడిపేవాళ్ల దగ్గర అంత డబ్బు, అంతమంది మనుషులు ఉన్నారా అన్నది కూడా చూడాలి.

పుణె దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన రూపొందించిన ఆటోమేటిక్ గేట్లలోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. నీరు నిర్ణీత మట్టానికి చేరగానే గేట్లు వాటంతట అవే తెరుచుకుంటాయి, మట్టం తగ్గితే మూసుకుంటాయి. వాటికి పేటెంట్ తీసుకున్నా, ఉద్యోగంలో ఉండి చేసిన పని కాబట్టి రాయల్టీ తీసుకోలేదు.

తర్వాత కొంతకాలం బొంబాయి ప్రభుత్వంలో శానిటరీ ఇంజినీర్‌గా పనిచేశారు. 1906లో నీటి సరఫరా, డ్రైనేజీ సమస్యలు చూడటానికి ఏడెన్ వెళ్లారు. అలా మురుగు ఆయనకు కొత్త విషయం కాకుండా పోయింది.

1908: మూసీ ఊరి మీద పడిన రోజు

ఉద్యోగం నుంచి ముందుగానే విరమణ తీసుకుని 1908లో ఆయన ఐరోపా పర్యటనకు వెళ్లారు. అదే ఏడాది సెప్టెంబర్ 28న హైదరాబాద్‌లో మూసీ పొంగింది. వేలమంది చనిపోయారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు గురించి మీరు విని ఉంటారు. ఆ రోజు దాని కొమ్మలెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం పంపిన ఆహ్వానం విశ్వేశ్వరయ్యకు ఇటలీలో ఉండగా అందింది. పర్యటన ముగించుకుని వచ్చి 1909 ఏప్రిల్‌లో పని మొదలుపెట్టారు. అడిగినవి మూడు: నగరాన్ని తిరిగి నిర్మించడానికి సలహా, మళ్లీ వరద రాకుండా పథకం, నగరానికి పూర్తి డ్రైనేజీ ప్లాన్.

ఆయన ముందుగా లెక్కలు తీశారు. ఎక్కడ ఎన్ని అంగుళాల వాన పడింది, నది ఎంత ఎత్తుకు చేరింది, ఎగువన ఎన్ని చెరువులున్నాయి. మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే వాటిలో 221 తెగిపోయాయని తేలింది. అదే ఏడాది అక్టోబర్‌లో నివేదిక ఇచ్చారు. మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలన్నది అందులో ప్రధాన సిఫార్సు. అవే 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్.

ఇక మురుగు సంగతి. అప్పట్లో ఇళ్ల మురుగు బహిరంగ కాలువల్లో పారి మూసీలో కలిసేది. దానికి భూగర్భ పైపుల వ్యవస్థ వేయాలన్నది పథకం. ఇళ్ల నుంచి చిన్న పైపులు, వీధుల్లో పెద్ద పైపులు, అన్నింటినీ నదిలో కలవకుండా అడ్డుకుని దిగువకు తీసుకెళ్లే ప్రధాన పైపులు ఇందులో భాగం.

తర్వాత ఏమైంది?

నివేదిక ఇచ్చిన కొద్దివారాలకే విశ్వేశ్వరయ్య హైదరాబాద్ వదిలి వెళ్లారు. 1909 నవంబర్‌లో మైసూరు చీఫ్ ఇంజినీర్ అయ్యారు.

ఆ తర్వాత హైదరాబాద్ తన సొంత ఇంజినీర్లతో పని చేయించుకుంది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ వారిలో ప్రముఖుడు. తెలంగాణలో ఇంజినీర్స్ డేని ఆయన పుట్టినరోజైన జులై 11న జరుపుకుంటారు. 1912లో నగర అభివృద్ధి కోసం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. డ్రైనేజీ పనుల మీద సలహా కోసం తర్వాతి సంవత్సరాల్లోనూ విశ్వేశ్వరయ్యను పిలిపించుకున్నారు.

1931 నాటికి భూగర్భ డ్రైనేజీ వ్యవస్థ అందుబాటులోకి వచ్చింది. 54 చదరపు కిలోమీటర్లు, సుమారు 4.68 లక్షల జనాభా కోసం రూపొందించింది అది.

ఇక్కడ ఎవరి పని ఏమిటో చూడండి. ప్లాన్ బయటి నిపుణుడిది. ఆ ప్లాన్ బాగుందో లేదో చూసి, కట్టించి, నడపగల ఇంజినీర్లు మాత్రం నగరానికే ఉన్నారు. అందుకే సలహాదారు వెళ్లిపోయినా పని ఆగలేదు.

డ్రైనేజీకి నిర్వహణ అంత అవసరమా?

భూగర్భ డ్రైనేజీ ఎక్కువగా వాలు మీద నడుస్తుంది. పైపుకు సరైన వాలు ఉంటే నీరు తగినంత వేగంతో పారుతూ తనతోపాటు ఇసుకను, మలినాలను లాక్కుపోతుంది. ఇందుకు సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగం ఉండాలని ఇంజినీర్లు చెబుతారు. అంతకన్నా తగ్గితే పైపు అడుగున పూడిక చేరుతుంది. వంటింటి నూనె గడ్డకడుతుంది. ప్లాస్టిక్ కవర్లు, గుడ్డలు వచ్చి వాటికి చుట్టుకుంటాయి. వీధి చివర మ్యాన్‌హోల్ పొంగుతుంది.

చుట్టుపక్కల ఇళ్ల స్థానంలో అపార్ట్‌మెంట్లు లేస్తే అదే పైపు మీద రెట్టింపు భారం పడుతుంది. వాననీటిని కూడా అందులోకే వదిలితే పరిస్థితి ఇంకా ఘోరం.

మూసుకుపోయిన పైపులో హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి విషవాయువులు పేరుకుంటాయి. మోతాదు పెరిగేకొద్దీ ముక్కు వాసన పట్టడం కూడా మానేస్తుంది. అందుకే దిగిన మనిషికి ప్రమాదం తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. కాపాడటానికి దిగినవాళ్లూ చనిపోయే ఘటనలు అందుకే జరుగుతుంటాయి.

భద్రావతి: బయటివాళ్లు వెళ్లాక ఎవరు నడపాలి?

విశ్వేశ్వరయ్య 1912 నుంచి 1918 దాకా మైసూరు దివాన్‌గా ఉన్నారు. కృష్ణరాజసాగర్, మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయం ఆ కాలపు పనులే. వాటి గురించి మీరు చాలాసార్లు చదివి ఉంటారు. ఈ కథకు అంతకన్నా ముఖ్యమైంది భద్రావతి ఇనుము కర్మాగారం.

1923లో అక్కడ ఉత్పత్తి మొదలైంది. యంత్రాలు నడపడానికి విదేశీ నిపుణులను పెట్టుకున్నారు. ఖర్చులు పెరిగాయి, కర్మాగారం నష్టాల్లో పడింది. అప్పటికి దివాన్ పదవి వదిలి అయిదేళ్లయిన విశ్వేశ్వరయ్యను నిర్వహణ బోర్డు ఛైర్మన్‌గా రమ్మన్నారు. 1929 దాకా ఆ బాధ్యతలో ఉన్నారు. ఖర్చులు తగ్గించారు. స్థానికులకు పని నేర్పించి క్రమంగా విదేశీయుల స్థానంలో వారిని పెట్టారు.

ఈ పనికి తనకు రావాల్సిన పారితోషికాన్ని కూడా తీసుకోలేదు. దాన్ని యువతకు వృత్తి విద్య నేర్పే సంస్థ కోసం వాడమన్నారు. బెంగళూరులోని జయచామరాజేంద్ర ఆక్యుపేషనల్ ఇన్‌స్టిట్యూట్ అలా వచ్చింది.

ఒకే మనిషి హైదరాబాద్‌లో బయటి నిపుణుడిగా వచ్చారు, భద్రావతిలో బయటి నిపుణులను పంపించారు. ఇందులో వైరుధ్యం లేదు. తెలియని పనికి తెలిసినవారిని తెచ్చుకోవడం మంచిదే. కానీ వాళ్లున్న కాలంలోనే మనవాళ్లు ఆ పని నేర్చుకోవాలి. నేర్చుకోకపోతే కాంట్రాక్టు ముగిసే రోజున చేతిలో ఏమీ మిగలదు.

ఆయన ప్లాన్‌లో లేనిది

విశ్వేశ్వరయ్యను పొగిడి ఊరుకుంటే ఈ కథ సగమే అవుతుంది. మైసూరులో బ్రాహ్మణేతరులకు ప్రభుత్వ ఉద్యోగాల్లో వాటా కల్పించాలని మిల్లర్ కమిటీ ఏర్పాటైనప్పుడు ఆయన ఆ విధానంతో ఏకీభవించలేదు. అందరికీ చదువు విస్తరిస్తే చాలని నమ్మారు. 1918లో దివాన్ పదవికి రాజీనామా చేయడానికి ఇది కూడా ఒక కారణమని చరిత్రకారులు చెబుతారు.

డ్రైనేజీ విషయంలో ఈ సంగతి పక్కన పెట్టేది కాదు. పైపుల వాలును ఇంజినీర్ లెక్కగడతాడు. కానీ ఆ పైపు మూసుకుపోతే లోపలికి దిగే మనిషి ఎవరన్నది మన సమాజంలో కులమే నిర్ణయిస్తూ వచ్చింది. కాంట్రాక్టు పద్ధతి వచ్చాక కూడా దిగేవారు చాలావరకు అవే కుటుంబాలవారు. మారిందల్లా, వాళ్ల పేర్లు నగర సంస్థ జీతాల పట్టికలో లేకుండా పోవడం.

ఇప్పుడు కాంట్రాక్టు ఎన్ని రకాలు?

1931 నాటి 54 చదరపు కిలోమీటర్లతో పోల్చండి. 2007లో జీహెచ్ఎంసీ ఏర్పడేసరికి నగర విస్తీర్ణం 600 చదరపు కిలోమీటర్లు దాటింది. నీరు, మురుగు చూసే జలమండలి 1989లో ఏర్పడింది. 2021లో ప్రభుత్వం రూ.3,866 కోట్లతో 31 కొత్త మురుగునీటి శుద్ధి కేంద్రాలకు (ఎస్టీపీలు) అనుమతి ఇచ్చింది. వాటి మొత్తం సామర్థ్యం రోజుకు సుమారు 126 కోట్ల లీటర్లు. ఇంత పెద్ద వ్యవస్థను పూర్తిగా సొంత సిబ్బందితో నడిపే నగరాలు దేశంలో తక్కువ.

సాధారణంగా మీకు కనిపించే పద్ధతులు ఇవి.

మొదటిది, మనుషుల్ని మాత్రమే సరఫరా చేసే కాంట్రాక్టు. ఎంతమంది వచ్చారన్నదాన్ని బట్టి బిల్లు. పైపు శుభ్రమైందా లేదా అన్నదానికి బిల్లుతో సంబంధం ఉండదు.

రెండోది, యంత్రంతో సహా పని అప్పగించడం. 2017లో జలమండలి 70 మినీ జెట్టింగ్ యంత్రాలను ఇలాగే రంగంలోకి దించింది. దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీ సహకారంతో, బ్యాంకు రుణంతో యంత్రాలు కొన్నవారికి జలమండలి పని ఇచ్చింది. పెద్ద లారీలు దూరలేని బస్తీల్లోకి ఇవి వెళ్లగలవు. ఢిల్లీ కూడా 2019లో 200 యంత్రాలతో ఇలాంటి పథకమే మొదలుపెట్టింది. మనిషి బదులు యంత్రం దిగుతుంది, యంత్రానికి యజమాని నిన్నటిదాకా ఈ పనిలో కూలీగానే మిగిలిన వర్గం నుంచి వస్తాడు. ఔట్‌సోర్సింగ్‌ను ఇలా కూడా రాసుకోవచ్చని ఈ పథకం చూపించింది.

మూడోది, ఎస్టీపీ కట్టిన సంస్థకే ఏళ్లపాటు నడిపే బాధ్యత ఇవ్వడం. గంగా ప్రక్షాళన పథకంలో వచ్చిన హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో నిర్మాణ వ్యయంలో 40 శాతం కట్టేటప్పుడు ఇస్తారు. మిగతా 60 శాతం 15 ఏళ్లలో, ప్లాంటు పనితీరును బట్టి ఇస్తారు. నాసిరకంగా కడితే నడిపేటప్పుడు తనకే నష్టం కాబట్టి కాంట్రాక్టర్ జాగ్రత్తపడతాడన్నది దీని వెనుక ఆలోచన.

ఏది అప్పగించకూడదు?

ఎస్టీపీ ఖర్చులో పెద్ద వాటా కరెంటుది. మురుగులోకి గాలి పంపే బ్లోయర్లు ఆపేస్తే బిల్లు తగ్గుతుంది, నీరు మాత్రం సరిగా శుద్ధి కాదు. కాంట్రాక్టర్‌కు లీటర్ల లెక్కన డబ్బిస్తే అతని చూపు లీటర్ల మీదే ఉంటుంది. బయటికొచ్చే నీటి నాణ్యతను బట్టి ఇస్తే నాణ్యత మీద ఉంటుంది. ఆ నాణ్యతను కొలిచేది కూడా కాంట్రాక్టరే అయితే ఎలా రాసుకున్నా ఒకటే.

అందుకే ఏ పని బయటికిచ్చినా నాలుగు విషయాలు నగర సంస్థ చేతిలోనే ఉండాలి. ఏ పైపు ఎక్కడుందో, ఎంత పాతదో చెప్పే మ్యాపు. నీటి నమూనాలను విడిగా పరీక్షించే ఏర్పాటు. కాంట్రాక్టర్ చెప్పింది నిజమో కాదో తేల్చగల సొంత ఇంజినీర్లు. గడువు ముగిశాక యంత్రాలను ఏ స్థితిలో తిరిగివ్వాలన్న షరతు.

అయిదోది కూడా ఉంది. దాన్ని అప్పగించాలనుకున్నా చట్టం ఒప్పుకోదు. 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం, రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సీవర్‌లోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ దింపకూడదు. నేరుగా దింపినా, మరొకరి ద్వారా దింపించినా నేరమే. మొదటిసారి రెండేళ్ల వరకు జైలు, లేదా రూ.2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సీవర్ మరణాలకు ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో రూ.10 లక్షలుగా నిర్ణయించింది, 2023 అక్టోబర్‌లో రూ.30 లక్షలకు పెంచింది. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే అసలు యజమాని చెల్లించాలన్నది 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ ఉన్న సూత్రం.

మీ వంతు ఏమిటి?

ఆ చట్టం నగర సంస్థలకు మాత్రమే వర్తిస్తుందని అనుకోకండి. మీ అపార్ట్‌మెంట్ సంఘానికీ వర్తిస్తుంది. సెప్టిక్ ట్యాంకు నిండిందని కూడలిలో ఉన్న కూలీని మాట్లాడుకుని లోపలికి దింపితే, ఆ దింపింది మీరే. యంత్రం ఉన్నవారినే పిలవండి. మనిషి దిగుతున్నట్టు కనిపిస్తే ఆపండి. మ్యాన్‌హోల్ పొంగితే మూత మీరు తెరవొద్దు. 155313కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. పని కాంట్రాక్టర్ చేసినా ఆ నంబర్‌కు జవాబు చెప్పాల్సింది జలమండలే.

విశ్వేశ్వరయ్యకు 1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు దాటాక కన్నుమూశారు. హైదరాబాద్‌లో మొదట ఆయన ఉన్నది కొన్ని నెలలే. ఆయన ఇచ్చిన ప్లాన్‌ను నగరం తన ఇంజినీర్లతో కట్టించుకుంది, నడుపుకుంది. మీ నగరంలో తర్వాతి డ్రైనేజీ కాంట్రాక్టు వార్త చదివినప్పుడు ఎన్ని కోట్లన్నదే కాకుండా ఇంకొకటి కూడా వెతకండి. కాంట్రాక్టర్ వెళ్లిపోయిన మర్నాడు ఆ పని చేయగలవాళ్లు నగర సంస్థలో ఉన్నారా?